వసంతకు గుర్తున్న రోజు

ఫిబ్రవరి పదమూడు, ఆదివారం మధ్యాహ్నం శ్రీపతి ఇంట్లోంచి బయల్దేరుతూ రెండే మాటలు అన్నాడు. గొడుగు అందించబోతే, "కెమెరా పట్టుకోనా, గొడుగు పట్టుకోనా?" అని నవ్వాడు. ఇంత వానలో ఆ వాగు దగ్గరికి ఇప్పుడెందుకని భార్య శ్యామసుందరి అడిగితే, వంగి బూట్ల లేసు బిగించుకుంటూ, "ఫొటో ఒకటి కావాలట" అన్నాడు.

సాయంత్రం ఆరింటికి పేపర్‌బార్క్ వాగు పద్నాలుగో గట్టు దగ్గర అతని కారు కనిపించింది. మర్నాడు పొద్దున, అక్కడికి మైలు దూరం దిగువన అతను కనిపించాడు. వానకు నానిన గట్టు కాలికింద విరిగిపడిందని పోలీసులు రాసుకున్నారు. కెమెరా దొరకలేదు.

కావాలట. మాట చివర ఆ 'ట' చేరిందంటే దాని వెనక ఇంకో మనిషి ఉన్నాడని అర్థం. అవనిగడ్డ దగ్గర హైస్కూల్లో పదకొండేళ్ళు పాఠం చెప్పిన శ్యామసుందరికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అయినా ఎవరికి కావాలట అని ఆ రోజు అడగలేదు. పొయ్యి మీద పాలున్నాయి. అడగకుండానే లోపలికి వెళ్ళింది.

ఇంతదాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే ఇదీ. ఆ వాగు పరీవాహక ప్రాంతాన్నంతటినీ ముప్పై గట్లుగా విడదీసి, ఏ గట్టున ఏ జంతువు బతుకుతోందో, ఏ చోటును తప్పనిసరిగా కాపాడాలో తేల్చమని కౌన్సిల్ ఒక కన్సల్టింగ్ కంపెనీకి సర్వే అప్పగించింది. శ్రీపతి వారమంతా బ్రిస్బేన్ సిటీ ఆఫీసులో కూర్చుని పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసేవాడు. శని ఆదివారాలు వాలంటీరుగా బురదలో తిరిగేవాడు. పద్నాలుగో గట్టున అతనికొక జంతువు కనిపించింది. ఇక్కడి వాళ్ళు దాన్ని రకాలి అంటారు, వాటర్ ర్యాట్ అంటారు. వెనక కాళ్ళ వేళ్ళ మధ్య తోలు, తోక చివర తెలుపు, చదును రాయి మీద కూర్చుని ఆల్చిప్పలు కొరికి తిని గుల్లలు కుప్పగా పోసే అలవాటు. కృష్ణ పాయల మధ్య పుట్టి పెరిగిన శ్రీపతికి దాన్ని చూడగానే చిన్నప్పుడు ఏట్లో చూసిన అలాంటి జంతువు పేరే నోట్లోకి వచ్చేసింది. వానలో తడుస్తూ ఫారం వెనకాల తెలుగులోనే రాసుకున్నాడు: నీటికుక్క అడుగులు. నీటికుక్క బొరియ. నీటికుక్క తిన్న గుల్లలు.

నవంబరు వచ్చేసరికి వైటూకే పని మెడ మీదికి వచ్చింది. వాటిని ఇంగ్లీషులోకి మార్చే తీరిక దొరకలేదు. ఆ కన్సల్టింగ్ కంపెనీలోనే కంప్యూటర్ పని చూసే జనార్దనరావుకు ఫారాలన్నీ అప్పజెప్పి, "తెలుగువాడివే కదా, నువ్వే ఎక్కించెయ్" అన్నాడు. జనార్దనరావు ఎక్కించాడు. అరవై ఒక్క చోట్ల కుక్క అని ఎక్కించాడు. జనవరిలో రిపోర్టు వచ్చింది. పద్నాలుగో గట్టున ఊరకుక్కలు తిరుగుతున్నాయి, వన్యప్రాణుల పరంగా ఆ చోటుకు ఏ ప్రాముఖ్యమూ లేదు, నీటి అంచు దాకా ఇళ్ళు కట్టుకోవచ్చు అని అందులో ఉంది. ఆ మీటింగులో ఎవరో శ్రీపతిని, "మీ దేశంలో కుక్కలు ఆల్చిప్పలు తింటాయా మేట్?" అని అడిగితే హాలంతా నవ్వింది.

అతను పోయాక కంపెనీ వాళ్ళు ఫారాలు ఒక పెట్టెలో పెట్టి తిరిగి పంపారు. శ్యామసుందరి ఆ పెట్టెను దాదాపు మూడు నెలలు ముట్టుకోలేదు. కిందటి వారం తెరిచింది. పద్నాలుగో గట్టు ఫారం వెనకాల, శ్రీపతి రాసిన 'నీటికుక్క' పక్కన, పెన్సిల్‌తో సన్నగా ఎవరో రాసిన రెండు ఇంగ్లీషు మాటలు కనిపించాయి. వాటర్ ర్యాట్. పక్కన ప్రశ్నార్థకం. కింద తేదీ, 18/12.

రిపోర్టు అచ్చయింది జనవరి పదిన.

*

ఆ శనివారం మే పదమూడు. సరిగ్గా మూడు నెలలు. బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో స్కౌట్ల హాలు అద్దెకు తీసుకుని నడిపే తెలుగు బడిలో పదకొండుమంది పిల్లలు కూర్చున్నారు. పక్క వీధి చైనా కొట్టులో బాతులు కాలుస్తున్న వాసన కిటికీలోంచి వస్తోంది.

శ్యామసుందరి బోర్డు మీద రాసింది: 'వాన వస్తుంది. వాన వస్తుందట.'

"ఈ రెండింటికీ తేడా ఏమిటి?"

"మిస్, సెకండ్ వన్ ఈజ్ లైక్ అపారెంట్లీ" అంది సయీద్ గారి అమ్మాయి అఫీఫా.

"నో, ఇట్స్ గాసిప్" అంది జనార్దనరావు కూతురు వైశాలి. "మా మమ్మీ ఫోన్‌లో అంతా అట, అట, అట అనే మాట్లాడుతుంది."

పిల్లలు పడీపడీ నవ్వారు. శ్యామసుందరి కూడా నవ్వింది. నవ్వు ముఖం మీదికి వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. "అవును. చెప్పే మనిషి వేరు, ఆ మాట పుట్టిన మనిషి వేరు. ఎవరన్నారు అని అడిగే హక్కు వినేవాళ్ళకు ఎప్పుడూ ఉంటుంది. రాసుకోండి" అంది.

మూడింటికి బడి అయిపోయింది. సయీద్ భార్య ఫాతిమా వచ్చి, "వైశాలిని కూడా లైబ్రరీకి తీసుకెళ్తానండీ, వీళ్ళిద్దరికీ ఏదో ప్రాజెక్టుందంట" అని ఇద్దర్నీ కారెక్కించుకుంది. ఆ ఏర్పాటు నిన్ననే ఫోన్‌లో చేసింది శ్యామసుందరే. మిగిలిన తల్లిదండ్రులు ఒకరొకరే పిల్లలను తీసుకెళ్ళే రిజిస్టరులో తేదీ వేసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

శ్యామసుందరి చేతిసంచిలో రెండు కాగితాలున్నాయి. రెండూ జనార్దనరావు సంతకం కోసం, అతను చెబుతున్నట్టుగా ఇంగ్లీషులో తనే రాసింది. మొదటిదాంట్లో మూడు వాక్యాలు: తెలుగు మాట తెలియక పొరపాటున కుక్క అని ఎక్కించాను, పద్నాలుగో గట్టున శ్రీపతి గుర్తించినది రకాలిని, రిపోర్టు సరిదిద్దాలి. రెండోదాంట్లో ఆ మూడింటి కింద ఇంకో వాక్యం ఉంది: ఈ సంగతి డిసెంబరు పద్దెనిమిదినే నాకు తెలుసు, తెలిసి దాచాను. మనిషి నిజం చెబితే మొదటిది ఇవ్వాలి, అబద్ధం చెబితే రెండోది. పరీక్ష పేపరు ఇచ్చేముందు పిల్లలకు ఒక అవకాశం ఇచ్చినట్టే. వారం రోజులుగా ఆవిడ కోరుకుంటున్నది మాత్రం అతను అబద్ధం చెప్పాలనే.

శ్మశానంలో అందరికన్నా ఎక్కువ ఏడ్చినవాడు జనార్దనరావు. పదకొండో రోజున వడ్డన దగ్గర నడుం బిగించి నిలబడ్డవాడూ అతనే. ఆ రోజు శ్యామసుందరితో, "మీకు తమ్ముడు లేడనుకోవద్దక్కా" అన్నాడు. ఆవిడ ఆ మాటకు చేతులు జోడించింది. ఇప్పుడు ఆ జోడించిన చేతులే పదేపదే గుర్తొస్తున్నాయి. మిగతాదంతా ఓర్చుకోగలిగినా ఆ నమస్కారాన్ని మాత్రం ఓర్చుకోలేకపోతోంది.

"వైశాలి ఏదక్కా?" అంటూ జనార్దనరావు లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, బట్టతల, మెడలో ఆఫీసు కార్డు శనివారం కూడా.

"ఫాతిమా తీసుకెళ్ళింది. రిజిస్టరులో మీరు సంతకం పెట్టండి."

అతను తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆవిడ రిజిస్టరును మూయలేదు.

"కూర్చోండి జనార్దనరావు గారూ. చిన్న పని ఉంది."

గారూ అనేసరికి అతను ఒక్క క్షణం తలెత్తి చూశాడు. ఇన్నాళ్ళూ ఆవిడ అతన్ని జనార్దన్ అనే పిలిచింది. పిల్లల కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

శ్యామసుందరి ఫారం తీసి, వెనక్కి తిప్పి, అతని ముందు పెట్టింది. "చదవండి. పైకి."

"ఇది అన్న రైటింగ్ కదా" అన్నాడు.

"అవును. చదవండి."

అతను గొంతు సవరించుకున్నాడు. "నీటి... నీటికుక్క అడుగులు. నీటికుక్క బొరియ. రాయి మీద..." అక్కడ ఆగిపోయాడు. "అక్కా, ఈ సంగతి నేనే మీకు చెప్దామనుకుంటా ఉండా. ఎట్ల చెప్పల్లో తెలీక ఆగినా."

"ఇప్పుడు చెప్పండి."

"మాది అనంతపురం పక్కన కదక్కా. మా ఊర్లో తాగేదానికే నీళ్ళుండవు, ఇంక నీళ్ళల్లో కుక్కలేడ్నుంచి వస్తాయి? నీటికుక్క అంటే నీళ్ళ పక్కన తిరిగే కుక్క అనుకున్నా. డాగ్ అని ఎక్కించేసినా. జెన్యూన్ మిస్టేక్. ఒట్టు."

"ఆల్చిప్పలు తిన్నదని కూడా ఉంది కదా. అప్పుడు అనుమానం రాలేదా?"

"అప్పుడు నా పరిస్థితి మీకు తెలీదు. నవంబరులో రోజుకి పద్నాలుగు గంటలు. కళ్ళు మూసుకుని ఎక్కించినా."

"ఆ మాటకు అసలు అర్థం ఎప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్నే పరీక్ష. శ్యామసుందరి చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

జనార్దనరావు ఫారం వైపు చూడకుండా, బోర్డు మీది 'వాన వస్తుందట' వైపు చూస్తూ చెప్పాడు. "అన్న పోయినాంకక్కా. ఆ పదకొండో రోజు మీ వాళ్ళెవరో మాట్లాడుకుంటా ఉంటే ఇన్నా. గుండె ఆగినంత పనైంది. అప్పటికే రిపోర్టు అయిపోయె, అన్న పోయె. ఇంక ఏం చెప్పి ఏం లాభమని..."

శ్యామసుందరి రిజిస్టరును అతని ముందుకు జరిపి, మార్చి నెల పేజీ తిప్పింది.

"మార్చి పద్దెనిమిది. మీ చేత్తో రాసిన తేదీ. మీరు ఎనిమిదిని ఒక్క గీతలో తిప్పరు. ఒక సున్నా పెట్టి దాని నెత్తిన ఇంకో సున్నా పెడతారు. ఏప్రిల్ ఎనిమిదిన కూడా అంతే." తర్వాత ఫారం మీద పెన్సిల్ గీతల పక్కన వేలు పెట్టింది. "ఇదీ అంతే."

అతను దగ్గరికి వంగి చూశాడు. ఆ పెన్సిల్ రాతను అతను మరిచిపోయాడని ఆవిడకు అర్థమైంది. అతని చెవుల దగ్గర చర్మం ఎర్రబడింది.

"అది నాది కాదక్కా. ఆఫీసులో ఎంతోమంది చేతులు పడతాయి ఆ పేపర్ల మీద. సున్నాలేముంది, ఎవరైనా..."

"మీ ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఎంతమంది?"

అతను నోరు తెరిచేలోపే బయట చెప్పుల చప్పుడైంది. తలుపు తోసుకుని జనార్దనరావు భార్య వసంత వచ్చింది. చేతి సంచిలో నాలుగు గిన్నెల కారియరు. "ఏమండీ, ఎంతసేపు? కార్లో ఉడికిపోతున్నా. అక్కా, గోంగూర పచ్చడి చేశా, ఇక్కడి గోంగూర అంత పుల్లగా ఉండదనుకోండి, చింతకాయ వేశా." ఇద్దరి మొహాలూ చూసి ఆగింది. "ఏమైంది?"

"ఏం లేదు, నువ్వు కార్లో కూర్చో పో" అన్నాడు జనార్దనరావు.

"ఉండనివ్వండి" అంది శ్యామసుందరి. ఆవిడ గొంతు పెరగలేదు. "వసంతా, ఒక మాట అడుగుతాను. మీది రేపల్లె కదా. నీటికుక్క అంటే ఏమిటి?"

వసంత మొహం ఒక్కసారిగా విప్పారింది. "అయ్యో, తెలియకపోవడమేమిటక్కా! మా అమ్మమ్మ వాళ్ళ చేపల మడుగులో వలలన్నీ చింపేసేవి. చూడ్డానికి బలే ఉంటాయి, మీసాలు, నున్నటి ఒళ్ళు. అమ్మమ్మ వాటిని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్తే ఈ హాల్లోంచి మనల్ని వెళ్ళగొడతారు." నవ్వి, మొగుడి వైపు తిరిగింది. "ఈయనకే తెలీదు. కుక్కలు చేపలు పట్టడమేమిటే అని నన్నే వెక్కిరించారు."

"ఎప్పుడు?"

"వసంతా" అన్నాడు జనార్దనరావు.

"ఎప్పుడంటే, ఫాతిమా వాళ్ళింట్లో ఇఫ్తార్‌కి పిలిచిన రోజు. శనివారం. సూర్యుడు ఎంతకీ దిగడు, పిల్లలు ఖర్జూరాల చుట్టూ ఈగల్లా తిరుగుతున్నారు. ఏ మాటకు వచ్చిందో గానీ ఈయన అడిగారు, మీ వైపు నీటికుక్క అంటే ఏందే అని. నేను చెప్తుంటే సయీద్ గారు కూడా, మా ఒంగోలు వైపు నీటిపిల్లి అంటారండీ అన్నారు. కుక్కా పిల్లా అని పెద్ద గొడవ. చివరికి సయీద్ గారే, ఇక్కడా అలాంటిది ఒకటుందండీ, వాటర్ ర్యాట్ అంటారు అని చెప్పారు. ఈయన పేపర్ నాప్‌కిన్ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. ఏదో ఆఫీసు పనిట, ఇంటికొచ్చాక ఆ రాత్రే కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు." చెప్పి, మొగుడి వైపు చూసి నెమ్మదిగా అడిగింది, "డిసెంబరు కదండీ? మీ వైటూకే డ్యూటీకి ముందు. పద్దెనిమిదో పంతొమ్మిదో..."

వసంత కారియరును బల్ల మీద పెట్టింది. గిన్నెల మీద గిన్నెలు కొంచెం గలగలమన్నాయి. వంగి ఫారం చూసింది. పెన్సిల్ రాత చూసింది. మొగుడి చేతిరాత పన్నెండేళ్ళుగా చూస్తున్న మనిషికి రిజిస్టరు అక్కర్లేకపోయింది.

"తెలిసిందా మీకు అప్పుడే?" అని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"తెలిసింది" అన్నాడు. "తెలిసినాంక ఏం చేయల్ల? అరవై ఒక్క ఎంట్రీలు తప్పని బాస్‌కి చెప్పల్ల. ఆ రిజల్ట్ చూసి బాస్ సంతోషంగా ఉండాడు. జనవరిలో నా పీఆర్ పేపర్లు ఆయనే సంతకం పెట్టల్ల, పీఆర్ లేకుంటే ఈ దేశంలో ఉండనీరు. ఒక్క నెల ఆగుదామనుకున్నా. పీఆర్ అయినాంక చెప్దామనుకున్నా. అది ఒక ఎలుక అక్కా! ఒక ఎలుక కోసం పెండ్లాం బిడ్డల్ని తీసుకుని వాపస్ పోవల్లనా?"

"ఎలుక కోసం ఎవరూ పోనక్కర్లేదు" అంది శ్యామసుందరి. "మా ఆయన పోయారు."

"దానికీ దీనికీ ఏం సంబంధముంది? అన్నని వానలో ఎవరు పొమ్మన్నారు? నేను ఒక్క ఫొటో చాలన్నా గానీ ఆ రోజే పొమ్మనలేదు కదా!"

మాట బయటికొచ్చాక అతనికే వినిపించింది. చెయ్యి సగంలో ఆగిపోయింది.

శ్యామసుందరి మూడు నెలలుగా వెతుకుతున్న మనిషి పిల్లల కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఫొటో ఒకటి కావాలట. ఎవరికి? ఇతనికి. వాగుకు వెళ్ళే ముందురోజు, శనివారం సాయంత్రం ఫోన్ మోగింది, శ్రీపతి వరండాలోకి తీసుకెళ్ళి మాట్లాడాడు. తను చపాతీలు కాలుస్తోంది.

"పన్నెండో తేదీ ఫోన్ మీదేనా?"

అతను అవునన్నట్టు తలాడించాడు. "అన్నే ముందు అడిగినాడు, డాగ్ ఎట్ల వచ్చిందని. కోపంగా ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పి ఆపల్ల కదా. ప్రూఫ్ కావాలన్నా, ఒక ఫొటో తెస్తే మారుస్తా అన్నా."

"మీకు ప్రూఫ్ అక్కర్లేదు. మీకు తెలుసు."

"తెలుసు."

"అది ఉందని తెలిసి, ఉన్నట్టు చూపించమని పంపారు."

అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. వసంత గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. ఏదో లెక్క చేసి, తప్పొచ్చి, మళ్ళీ మొదటి నుంచీ చేస్తున్నట్టుంది ఆమె మొహం.

శ్యామసుందరి సంచి తెరిచింది. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పెన్ను మూత తీసి, రెండోదాని అడుగున, బోర్డు మీద రాసినంత శుభ్రంగా ఇంకో వాక్యం చేర్చింది: పద్నాలుగో గట్టుకు వెళ్ళి ఫొటో తెమ్మని ఫిబ్రవరి పన్నెండున శ్రీపతికి ఫోన్ చేసింది నేనే. అక్షరాలు కుదురుగా పడినందుకు ఆవిడకు తృప్తిగా ఉంది.

"గురువారం పదింటికి ఆ రిపోర్టు మీద కౌన్సిల్ విచారణ. ఇది చదివి సంతకం పెట్టండి."

జనార్దనరావు రెండూ చదివాడు. మొదటిదాన్ని పట్టుకున్నాడు. "ఇది పెడతా అక్కా. ఇప్పుడే పెడతా. పెన్ను ఇయ్యండి. దీంతోనే రిపోర్టు మారిపోతుంది, గట్టు నిలబడుతుంది. ఆ రెండోదాంతో నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు, పీఆర్ పోతుంది, ఇంక పోలీసులు కూడా..." కన్నీళ్ళ మధ్యలోనే సూటిగా చూశాడు. "అన్నకి కావల్సింది గట్టు అక్కా. నేను కాదు."

ఆ మాట నిజమే. నిజమని శ్యామసుందరికి తెలుసు. శ్రీపతి ఇక్కడుంటే మొదటి కాగితం తీసుకుని, భుజం మీద చెయ్యేసి, "సర్లే పోవయ్యా, టీ తాగుదాం పద" అనేవాడు. కోపం అతనికి టీ చల్లారేలోపు పోయేది. గట్టు మిగిలితే చాలనుకునే మనిషి. మూడు వాక్యాలు, ఒక సంతకం, అంతే. గురువారానికి ఆ చదును రాయీ, ఆ గుల్లల కుప్పా, ఆ బొరియా మిగులుతాయి.

ఆవిడ చెయ్యి చాపింది. అతను పెన్ను ఇస్తుందనుకున్నాడు. మొదటి కాగితాన్ని అతని వేళ్ళలోంచి మెల్లగా లాగి, మధ్యకు మడిచి, చించింది. మళ్ళీ మడిచి మళ్ళీ చించింది. ముక్కలను పిల్లలు పెన్సిళ్ళు చెక్కే చెత్తబుట్టలో వేసింది.

"మీరు నిజం చెప్పి ఉంటే అది మీకు దొరికేది."

"అక్కా, పిచ్చి పని చేస్తా ఉండారు!" అతను లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఆ రెండోదాని మీద నేను చచ్చినా పెట్టను. ఇంక మీ దగ్గరేముంది? పెన్సిల్ గీతొకటి. ఎవర్ని నమ్మిస్తారు దాంతో? గట్టు పోతే నా వల్ల కాదు, మీ వల్ల. గుర్తు పెట్టుకోండి. వసంతా, పద!"

అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి బయట కారు స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది గానీ కదలలేదు.

వసంత కూడా కదలలేదు. పడిపోయిన కుర్చీని ఎత్తి సరిగ్గా పెట్టింది.

"వారానికి రెండుసార్లు ఈ కారియరు తెస్తున్నా కదక్కా" అంది. "మూడు నెలల్లో ఒక్కసారి కూడా నాకు నేనుగా గుర్తుంచుకోలేదు. ప్రతిసారీ ఆయనే అడిగేవారు, అక్కకి పంపినావా, అక్కకి పంపినావా అని. ఎంత మంచి మనిషో నా మొగుడు అనుకునేదాన్ని."

శ్యామసుందరికి తిన్న ప్రతి మెతుకూ గుర్తొచ్చింది.

"నువ్వు విచారణకు వచ్చి ఆ ఇఫ్తార్ సంగతి చెబుతావా?" అని అడిగింది. అడుగుతూనే అది ఎంత పెద్ద మాటో తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

వసంత బల్ల మీది రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత శ్రీపతి ఫారాన్ని, పెన్సిల్ రాత ఉన్న ఆ ఒక్క కాగితాన్ని, తీసి దాంతో కలిపింది. పోయిన సోమవారం శ్యామసుందరి దాన్ని లైబ్రరీలో జిరాక్సు తీసి చూసింది. శ్రీపతి సిరా అక్షరాలు పడ్డాయి, పెన్సిల్ గీతలు పడలేదు.

"అది ఇక్కడ పెట్టు వసంతా."

"మీ దగ్గరుంటే ఆయన భయపడతారక్కా. నా దగ్గరుంటే సిగ్గుపడతారు" అంది వసంత. "నాకు ఒక్క రోజు ఇవ్వండి."

రెండు కాగితాలూ కారియరు సంచిలో పెట్టుకుంది. గిన్నెలు మాత్రం బల్ల మీదే వదిలేసింది. తలుపు వైపు నడిచింది. శ్యామసుందరి లేచి రెండు అడుగుల్లో ఆ సంచి అందుకోగలదు. చెయ్యి బల్ల మీంచి లేవలేదు. ఎందుకు లేవలేదో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకు తేలలేదు. బయట కారు తలుపు పడింది. కారు కదిలింది.

ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి 'వాన వస్తుంది' అన్నదాన్ని తుడిచింది. రెండోదాన్ని తుడవలేదు. డస్టరు కింద పెట్టి, చెత్తబుట్టలోని ముక్కలను ఒకసారి చూసి, హాలుకు తాళం వేసింది.

విచారణ గురువారం పదింటికి. మొదటి కాగితం చెత్తబుట్టలో ఉంది. రెండోదాని మీద సంతకం లేదు. శ్రీపతి రాసిన ఫారం జనార్దనరావు కార్లో అతని ఇంటికే వెళ్తోంది. కౌన్సిల్ రిపోర్టులో పద్నాలుగో గట్టు ఇంకా కుక్కల గట్టే.